మా కాలేజీలో 11 క్లబ్బులున్నాయట, నేను సెక్రటరీనట. ఇప్పుడేం చేయాలి?

లంకపిల్ల:

నమస్కారమండి. మాది వశిష్ఠ గోదారి ఒడ్డున ఒక చిన్న డిగ్రీ కాలేజీ. పేరు చెప్పను. చెబితే రేపు పొద్దున్నే ప్రిన్సిపాల్ గారి గది ముందు నిలబడాలి. అన్ని గ్రూపులూ కలిపి 340 మందిమి. సగం మందిమి గోదారి అవతల సఖినేటిపల్లి వైపు నుంచి పంటు (రేవు దాటించే పడవ) మీద వచ్చేవాళ్లమే. వరద వస్తే పంటు ఆపేస్తారు, అప్పుడు చించినాడ వంతెన మీంచి చుట్టూ తిరిగి రావాలి, లేదా ఇంట్లో కూర్చోవాలి. నేను బీకామ్ రెండో సంవత్సరం.

జులైలో ఒకరోజు పంటు లేటై పరిగెత్తుకుంటూ వెళ్తుంటే గేటు దగ్గర నా ఫ్రెండు ఆపి "పార్టీ ఎప్పుడే, సెక్రటరీ గారూ" అంది. నాకేం అర్థం కాలేదు. నోటీసు బోర్డు దగ్గరికి లాక్కెళ్లింది. స్టూడెంట్ కౌన్సిల్ అని టైపు చేసిన కాగితం. ప్రెసిడెంట్, వైస్ ప్రెసిడెంట్, సెక్రటరీ, జాయింట్ సెక్రటరీ, ట్రెజరర్. సెక్రటరీ ఎదురుగా నా పేరు, ఇంటిపేరులో తప్పుతో సహా. మమ్మల్ని ఎవరూ ఎన్నుకోలేదు, కనీసం అడగనైనా లేదు. ఫస్టియర్ మార్కులు చూసి వేశారట. ప్రెసిడెంట్ బీఎస్సీ కుర్రాడు, ఆ వారం వాళ్లక్క పెళ్లని ఊళ్లో లేడు. కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే "ఇది మన కాలేజీయేనా" అని అడిగాడు పాపం.

దాని కిందే ఇంకో కాగితం, క్లబ్బుల జాబితా. లెక్కపెడితే 11 ఉన్నాయి. ఎకో క్లబ్బు, రెడ్ రిబ్బన్ క్లబ్బు, వినియోగదారుల క్లబ్బు, హెరిటేజ్ క్లబ్బు, లిటరరీ క్లబ్బు, అలా. నేను చేరినప్పటి నుంచి ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) తప్ప ఒక్కటీ పనిచేయగా చూడలేదు. అన్యాయంగా మాట్లాడకూడదు, కాలేజీలకి గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్లు వచ్చే ముందు రెండు నెలలు అన్నిటికీ ప్రాణం లేచొచ్చింది. అప్పుడు మేమే కూర్చుని పాత తేదీలు వేసి రిజిస్టర్లలో మినిట్స్ రాశాం. ఒకే చేతిరాతలా ఉండకూడదని నలుగురం పంచుకున్నాం, పెన్నులు కూడా మార్చాం. హెరిటేజ్ క్లబ్బు తరఫున అంతర్వేది వెళ్లొచ్చినట్టు రాసింది నేనే. ఫొటో కావాలంటే నా ఫోన్లోంచే ఇచ్చాను, భీష్మ ఏకాదశి తీర్థంలో మా చెల్లితో దిగింది. చెల్లిని కత్తిరించాం గానీ వెనకాల జీళ్ల కొట్టు పోలేదు.

ఇదంతా నవ్వుకోవడానికి బానే ఉంది. అసలు సంగతి ఫ్రెషర్స్ డే దగ్గర వచ్చింది. మనిషికి 200 చొప్పున కౌన్సిలే వసూలు చేయాలన్నారు. ట్రెజరర్‌గా పేరు పడిన అమ్మాయి జ్వరంతో రావట్లేదు, ప్రెసిడెంట్‌కి మొహమాటం. క్లాసు క్లాసుకీ తిరిగింది నేను. 212 మంది ఇచ్చారు, 42,400. ఎవరెవరు ఇచ్చారో రోల్ నంబర్లతో నా నోట్సులో రాసుకున్నాను. డబ్బుకి రబ్బరు బ్యాండు వేసి, ప్రోగ్రాం చూసుకునే సార్ చేతికి ఇచ్చేశాను. ఆ తరవాత దేనికెంత అయిందో నాకు తెలీదు, నన్నెవరూ పిలవలేదు కూడా.

ప్రోగ్రాం అయిన మూడో రోజు నుంచి గ్రూపులో మొదలు. "సెక్రటరీ గారు లెక్క చెప్పాలి." "బిర్యానీలో ముక్క లేదు, డబ్బులేమయ్యాయి." (వెజ్ బిర్యానీలో ముక్కేంటండి.) ఒకరు నా కాళ్ల ఫొటో పెట్టి "సెక్రటరీ గారి కొత్త చెప్పులు సూపర్" అని నవ్వు బొమ్మలు పెట్టారు. అవి 180 రూపాయల చెప్పులు. మా అమ్మ లేసు అల్లిన డబ్బులు వస్తే కొంది. ఆ రోజు పంటు మీద ఎవరితోనూ మాట్లాడలేదు.

రాజీనామా చేసేయమంటారా? ఎన్నికలు పెట్టమని అడగమంటారా? పోనీ ఉన్నదానితోనే ఏదో ఒకటి చేయొచ్చా? చేయాలన్నా ఎప్పుడు చేయాలి? చివరి క్లాసు అయ్యాక నాలుగున్నర పంటు అందకపోతే మా నాన్న రేవులో నిలబడి ఫోన్ల మీద ఫోన్లు చేస్తాడు. మీ కాలేజీల్లో ఎలా ఉండేదో చెప్పండి.

కొబ్బరిమట్ట:

మాది భీమవరం వైపు ఇంజినీరింగ్ కాలేజీ. మా దగ్గర 26 క్లబ్బులు, నువ్వు 11కే కంగారు పడుతున్నావు. ప్రతి క్లబ్బుకీ ప్రెసిడెంటు, కో-ప్రెసిడెంటు, లీడు, కో-లీడు, సోషల్ మీడియా హెడ్డు. మెంబర్లు మాత్రం ఉండరు. ఫైనలియర్‌లో రెజ్యూమేలో వేసుకోవడానికి పదవులు. నిజంగా నడిచేది ఫొటోగ్రఫీ క్లబ్బు ఒక్కటే, ఎందుకంటే దాని దగ్గర కెమెరా ఉంది. కెమెరా కోసమైనా మనుషులు వస్తారు.

రాజీనామా చేయకు. సర్టిఫికెట్ తీసుకుని అప్పుడు చెయ్. చెప్పుల ఫొటో పెట్టినవాడి చెప్పుల ఫొటో నువ్వు కూడా పెట్టు.

అత్తిలి అబ్బాయి:

పైన బ్రదర్ జోకులు వేశాడు గానీ ఇది జోకు విషయం కాదండి. అడక్కుండా పేరు వేయడం, డబ్బు వసూలు చేయించడం, లెక్క మాత్రం చూపించకపోవడం. మాటలు పడాల్సింది మాత్రం ఈ అమ్మాయి.

నేను డిగ్రీ మన వైపే చదివాను, పీజీ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో. అక్కడ యూనియన్ ఎన్నికలు చూసి నోరు తెరిచాను. అభ్యర్థులు మెస్సులో టేబుల్ టేబుల్‌కీ వచ్చి మాట్లాడతారు, రాత్రి డిబేట్ పెడతారు, అందరి ముందు ప్రశ్నలు అడగొచ్చు. మన దగ్గర 1980ల చివర్లో కాలేజీ ఎన్నికలు ఆపేశారు. అప్పటి నుంచి మనకి ఎన్నిక అంటే ఊళ్లో పంచాయతీ ఎన్నికే.

కానీ ఎన్నికలు ఎలా పెట్టాలో కాగితం మీద ఎప్పుడో రాసి ఉంది. మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ లింగ్డో అధ్యక్షతన వేసిన కమిటీ 2006లో రిపోర్టు ఇచ్చింది, అదే ఏడాది సెప్టెంబరు 22న దాన్ని అమలు చేయమని సుప్రీంకోర్టు చెప్పింది. డిగ్రీ వాళ్లయితే 17 నుంచి 22 ఏళ్ల మధ్య వాళ్లే పోటీ చేయాలి, 75 శాతం అటెండెన్స్ ఉండాలి. ఒక అభ్యర్థి 5,000 రూపాయలు మించి ఖర్చు పెట్టకూడదు. అచ్చు పోస్టర్లు వేయకూడదు, చేత్తో రాసుకున్నవే అంటించాలి. మొత్తం తతంగం 10 రోజుల్లో అయిపోవాలి. మీలాంటి చిన్న కాలేజీకి నేరుగా ఓట్లు వేయించడం ఎంత పని? గొడవలవుతాయనుకున్న చోట ముందు నామినేషన్ పద్ధతి పెట్టుకోవచ్చు అన్నారు, అదీ తాత్కాలికమే, ఐదేళ్లలో ఎన్నికల పద్ధతికి మారాలన్నారు. మీవాళ్లు ఆ తాత్కాలికాన్నే పట్టుకుని కూర్చున్నారు.

50 మంది సంతకాలతో ఒక అర్జీ ఇవ్వండి. నా మాట అదే.

పాత నోటీసు బోర్డు:

అమ్మా, నేను ఎకనామిక్స్ మాస్టారిని. రిటైరయ్యాను. సర్వీసులో తొమ్మిదేళ్లు ఎన్ఎస్ఎస్ ప్రోగ్రాం ఆఫీసర్‌గా చేశాను. నీ పోస్టు రెండుసార్లు చదివాను. జీళ్ల కొట్టు దగ్గర నవ్వాను, చెప్పుల దగ్గర నవ్వలేకపోయాను.

ముందు అత్తిలి అబ్బాయితో చిన్న పేచీ. బాబూ, ఆ ఆపేసిన ఎన్నికల్లో ఓటు వేసినవాణ్ణి నేను. 1983లో డిగ్రీ మొదటి సంవత్సరం. పది రోజులు పాఠాలు లేవు. ఒక ప్యానెల్ వాళ్లు కొబ్బరి బొండాలు కొట్టించారు, రెండో ప్యానెల్ వాళ్లు సెకండ్ షోకి తీసుకెళ్లారు. నేను రెండూ అనుభవించి, మా వీధి వాడికి ఓటేశాను. ఎందుకంటే మా వీధి వాడు. గెలిచిన ప్రెసిడెంటు ఏడాది మొత్తంలో చేసింది యాన్యువల్ డేకి ఒక సినిమా ఆయన్ని తీసుకురావడం. దానికెంత అయిందో నాకివాళ్టికీ తెలీదు. ఓడినవాళ్లు సైకిల్ చెయిన్లు పట్టుకుని నెల్లాళ్లు స్టాండు దగ్గర కాపు కాశారు. ఎన్నికలు ఆపేసినప్పుడు మావైపు తల్లిదండ్రులు ఎవరూ ఏడవలేదు. కాకపోతే ఆ తరవాత పిల్లలు అడగడం కూడా మానేశారు. ఆ రెండో నష్టం గురించి నువ్వు చెప్పింది నిజమే.

ఇప్పుడు వెంటనే ఎన్నిక పెడితే ఏమవుతుంది? మన డెల్టా సంగతి నీకు నేను చెప్పాలా. అటెండెన్స్ రిజిస్టర్ ముందు పెడితే ఇంటిపేర్లు చూసి ఎవరి ఓటు ఎటో మా అటెండరు కూడా చెప్పేవాడు. 340 మందిలో ప్రెసిడెంట్ పోస్టు ఒక్కటే ఉంటే కొట్లాట దాని కోసమే. గెలిచాక చేయడానికి పనేమీ లేకపోతే ఆ కొట్లాట ఒక్కటే మిగులుతుంది.

ఒక సంగతి చెబుతాను. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద తుఫాను వచ్చింది. అప్పుడు నేను ఆ వైపే చిన్న కాలేజీలో ఉన్నాను. తెల్లారేసరికి కొబ్బరిచెట్లు రోడ్ల మీద అగ్గిపుల్లల్లా పడున్నాయి. ఎన్ఎస్ఎస్ యూనిట్ అంటే కాగితం మీద 100 మంది. నాలుగో రోజుకి వచ్చినవాళ్లు 23 మంది. వాళ్లలో ఒకడు, వెనక బెంచీ వాడు, నా క్లాసులో ఏడాదిలో ఒక్కసారి కూడా నోరు తెరవలేదు. రంపం పట్టడం రాదన్నాడు. సరే, బియ్యం పంచే చోట కూర్చోరా అన్నాను. వాడు ఎక్కడి నుంచో ఒక పొడుగు నోటుబుక్కు తెచ్చాడు, పేజీకి మూడు గీతలు కొట్టాడు. వచ్చినవి, ఇచ్చినవి, ఉన్నవి. టార్పాలిన్ తీసుకున్నవాళ్ల చేత సంతకం పెట్టించాడు, సంతకం రానివాళ్ల వేలిముద్ర. చీకటి పడ్డాక ఆ పూట లెక్క గట్టిగా చదివి వినిపించి గానీ ఇంటికి వెళ్లేవాడు కాదు. ఎవడూ అడగలేదు, వాడే చదివేవాడు.

పది రోజులకి ఊళ్లో ఒక పెద్దమనిషి నాలుగు బస్తాలు తగ్గాయని, కాలేజీ కుర్రాళ్లు అమ్ముకున్నారని కేక వేశాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. వీడు నోటుబుక్కు తెరిచి, వేలు పెట్టి, ఆ నాలుగు బస్తాలు ఆ పెద్దమనిషి పాలేరే ఏ పూట తీసుకెళ్లాడో చూపించాడు. వేలిముద్రతో సహా. మరి మాట లేదు. తరవాతి ఏడాది క్లాసు ప్రతినిధి ఎవరర్రా అని నేనడిగితే చేతులన్నీ వాడి వైపే చూపించాయి. వాడి ఇంటిపేరు వాళ్లు క్లాసులో ఇంకెవరూ లేరు.

ఇప్పుడు నీ సంగతి. రాజీనామా ఎవరికి ఇస్తావమ్మా? వేసింది ఒక టైపు కాగితం. ఇంకో టైపు కాగితం వేస్తారు, అంతే. నువ్వు లెక్క చెప్పలేక పారిపోయావన్న మాట మిగులుతుంది. నీ చేతిలో 212 రోల్ నంబర్ల జాబితా ఉంది చూడు, కాలేజీ మొత్తంలో ఈ ఫ్రెషర్స్ డేకి సంబంధించి నిక్కచ్చిగా ఉన్న కాగితం అదొక్కటే అని పందెం కాస్తాను. దాంతో మొదలుపెట్టు.

సార్ దగ్గరికి వెళ్లు. గ్రూపులో రాసినవేవీ ఎత్తకు, చెప్పుల సంగతి అసలే వద్దు. "సార్, పిల్లలు అడుగుతున్నారండి, బిల్లులు ఇస్తే నేను రాసి పెడతాను" అను. అంతే. మాలో దొంగలు తక్కువ, అస్తవ్యస్తం వాళ్లు ఎక్కువ. టెంట్ హౌస్ బిల్లు చొక్కా జేబులో పెట్టుకుని ఆ చొక్కా ఉతుక్కి వేసేసిన ఘనుణ్ణి నేనే. బిల్లు లేనిదానికి వోచర్ రాయించి ఆయన సంతకం తీసుకో. రాబడి ఎడమ పక్క, ఖర్చు కుడి పక్క, బీకామ్ దానివి నీకు నేను చెప్పక్కర్లేదు. ఎంత వెతికినా తేలనిది ఉంటే దాన్ని వేరే ఖర్చులో కలపకు, "ఇతరములు" అని అసలే రాయకు. "తెలియదు" అని రాసి అంకె వెయ్. ఆ కాగితం ప్రిన్సిపాల్ గారికి చూపించి, ఆయన సరేనన్నాక మీ పేర్ల కాగితం పక్కనే అంటించు.

అత్తిలి అబ్బాయి ఒక సంగతి మర్చిపోయాడు, ఆ లింగ్డో కమిటీయే ఇంకో మాట కూడా అంది. ఫలితం వచ్చిన రెండు వారాల్లో ప్రతి అభ్యర్థీ ఆడిట్ చేసిన లెక్క ఇవ్వాలి, కాలేజీ దాన్ని రెండు రోజుల్లో బయట పెట్టాలి. లెక్క ఇవ్వకపోతే ఎన్నిక చెల్లదు. అందరికీ 5,000 గుర్తుంటుంది, ఇది గుర్తుండదు.

ఇంకోటి. 2023లో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) కొత్త నిబంధనలు తెచ్చింది, ప్రతి కాలేజీలో విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి, అందులో ఒక విద్యార్థిని ప్రత్యేక ఆహ్వానితులుగా కూర్చోబెట్టాలి. కాలేజీ నాణ్యత చూసే కమిటీ ఐక్యూఏసీలో కూడా విద్యార్థి పేరు ఉంటుంది. మీ కాలేజీలో వాళ్లెవరో ఆఫీసులో అడిగి చూడు. నవ్వకు, నీ పేరే ఉండొచ్చు.

క్లబ్బుల గురించి ఎవరైనా ఆడవాళ్లు చెబితే బాగుంటుంది. మా రోజుల్లో సాయంత్రం నాలుగింటికి మీటింగ్ పెట్టి, ఆడపిల్లలకి ఆసక్తి లేదని రిజిస్టర్లో రాసేవాళ్లం. నేనే రాశాను.

గోదారిగట్టు:

మాస్టారు పిలిచారు కాబట్టి వచ్చానండి, ఆయ్. పాలకొల్లు వైపు చదువుకున్నాను, ఇప్పుడు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు.

చెల్లీ, సాయంత్రం మాట మర్చిపో. మేం చేసింది భోజనం గంటలో. మా కాలేజీలో బాదంచెట్టు కింద కూర్చుని క్యారేజీలు తినేవాళ్లం, అక్కడే మా క్లబ్బు. దానికి పేరు కూడా లేదు చాన్నాళ్లు. మూడో సంవత్సరం వాళ్లు పరీక్షలయ్యాక పుస్తకాలు పాతపేపర్ల వాడికి కిలోల లెక్కన అమ్మేస్తుంటే కడుపు మండి, ఆఖరి పరీక్ష రోజున గేటు దగ్గర రెండు గోనెసంచులు పట్టుకుని నిలబడ్డాం. 60 దాకా వచ్చాయి. లైబ్రరీ మేడంని బతిమాలి తలుపు సరిగ్గా పడని ఒక ఇనుప బీరువా తీసుకున్నాం. అట్టలు వేశాం, లోపల చీటీ అంటించాం, ఎవరు ఏ సంవత్సరం వాడారో పేర్లు రాసేలా. పుస్తకం తీసుకుంటే ఏడాది తర్వాత తిరిగివ్వాలి, లేదా ఇంకో పుస్తకం పెట్టాలి. బుధవారం భోజనం గంటలో మాత్రమే బీరువా తీసేవాళ్లం. ఆ ఒక్క గంటే, అందుకే నడిచింది.

కొబ్బరిమట్ట కెమెరా అన్నాడు చూడు, ఆ మాట నిజం. చేతికి తగిలే వస్తువు ఒకటి ఉండాలి. ఉత్త ఉపన్యాసాలకి ఎవరొస్తారు. నా చీటీలో నా పేరు పైన నలుగురి పేర్లుండేవి, ఒకావిడ మార్జిన్లో సమాధానాలు రాసింది, ఆవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు గానీ నా సెకండ్ సెమిస్టర్ ఆవిడ పుణ్యమే. సంతోషించి ఒక తప్పు కూడా చేశాం, అది కూడా చెబుతాను. బాగా నడుస్తుందని చూసి మా సారు ఒకాయన ప్రారంభోత్సవం పెట్టించారు, రిబ్బను, శాలువా, ఫ్లెక్సీ. ఆ నెల్లో పుస్తకాలకి పెట్టాల్సిన డబ్బు శాలువాకి పోయింది. బీరువా అప్పటికే ఏడాదిగా తెరిచి ఉంది, దానికి ప్రారంభమేంటో.

అత్తిలి అబ్బాయి:

మాస్టారూ, తుఫాను సంగతి చదివి కాసేపు ఊరుకున్నాను. కానీ ఒప్పుకోను. ఇంటిపేర్ల భయంతో ఎన్నికలే వద్దంటే ఆ భయం ఎప్పటికీ పోదు కదండీ. మీ వెనక బెంచీ అబ్బాయికి కూడా చేతులెత్తే అవకాశం మీరిస్తేనే గెలిచాడు. ప్రతి కాలేజీకీ ఒక తుఫాను రావాలా?

పాత నోటీసు బోర్డు:

దెబ్బ తగిలింది బాబూ, ఒప్పుకుంటున్నాను. అయితే ప్రెసిడెంటుతో కాకుండా క్లాసుతో మొదలుపెట్టండి. క్లాసుకి ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. చేతులెత్తించొద్దు, నేను ఎత్తించాను గానీ అది తప్పే, ఎవరు ఎటు చూస్తున్నారో చూసుకుని ఎత్తుతారు. చీటీలు రాయించి డబ్బాలో వేయించండి, క్లాసు ముందే విప్పి లెక్కపెట్టండి. పదవి ఒక్క సెమిస్టరే. దానికి ఎవరూ సైకిల్ చెయిన్ తేరు.

లంకపిల్ల:

మూడు వారాలకి మళ్లీ వచ్చాను. అందరికీ థాంక్స్ అండి.

మాస్టారూ, మీరు చెప్పినట్టే సార్ దగ్గరికి వెళ్లి ఆ వాక్యమే అన్నాను, అక్షరం మార్చలేదు. ఆయన ముందు కళ్లజోడు తీసి చూశారు. తర్వాత సొరుగు లాగారు. బిల్లులు నిజంగానే అందులోనే ఉన్నాయి, ఒకటి అటెండెన్స్ రిజిస్టర్ మధ్యలో దొరికింది. "నాకూ ఇదే టెన్షన్ అమ్మా, ఎవరైనా రాస్తే బాగుండనుకుంటున్నా" అన్నారు. చొక్కా జేబు మాట మాత్రం ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

టెంటు, మైకు సెట్ కలిపి 13,500. బిర్యానీ 250 ప్యాకెట్లు, 60 చొప్పున 15,000. శాలువాలు, మెమెంటోలు 4,300. ఫ్లెక్సీలు 6,200. ఆరు ఫ్లెక్సీలండి! ఒక దాంట్లో నేనూ ప్రెసిడెంటూ ఉన్నాం, నా ఇంటిపేరు మళ్లీ తప్పే. దాన్ని అటెండరు గారు తీసుకెళ్లి వాళ్ల గడ్డిమేటు మీద కప్పుకున్నారు, వాన నీళ్లు దిగట్లేదని చెప్పారు కూడా. మొత్తం 39,000. ఇంక 3,400 తేలలేదు. "తెలియదు 3,400" అని రాశాను. సార్ ఆ పదం మీద చాలాసేపు వేలు పెట్టి ఉంచారు. కొట్టేస్తారనుకున్నాను. కింద సంతకం పెట్టారు.

ప్రిన్సిపాల్ గారు ఆ కాగితం మూడు రోజులు తిరిగి ఇవ్వలేదు. నాలుగో రోజు "ఇది మంచి సంప్రదాయం" అని ఆయనే పిలిచి ఇచ్చారు. ఆ మూడు రోజుల్లో ఏమైందో తెలీదు.

కాగితం అంటించిన మర్నాడే వాచ్‌మన్ గారు వచ్చి జనరేటర్ డీజిల్ 1,800 మర్చిపోయారమ్మా అన్నారు, బంకు రసీదు పర్సులోంచి తీసి ఇచ్చారు. సాయంత్రం పంటు మీద మా ఊరి ఆటో అన్నయ్య కుర్చీలు తెచ్చిన కిరాయి 600 తనకే ఇచ్చారని చెప్పాడు. "తెలియదు" ఇప్పుడు 1,000కి దిగింది. అది ఇంకా అలాగే ఉంది.

క్లాసు ప్రతినిధుల చీటీల గురించి అడిగాం. వచ్చే సెమిస్టర్ చూద్దామన్నారు. అత్తిలి అన్నయ్యా, అర్జీ మీద 50 కాదు, 71 సంతకాలు వచ్చాయి, కానీ ఇంకా ఇవ్వలేదు, దగ్గర పెట్టుకున్నాను. ఐక్యూఏసీ కాగితం కూడా ఆఫీసులో చూశాను. మాస్టారూ, మీరన్నట్టే నా పేరే ఉంది. గత సంవత్సరం నేను రెండు మీటింగులకి హాజరయ్యానట.

గోదారిగట్టు అక్కా, బీరువా దొరికింది. మాదీ తలుపు సరిగ్గా పడదు. పుస్తకాలు 34 వచ్చాయి, అందులో ఆరు ఇంటర్‌వి. 11 క్లబ్బుల్లో దేని కింద వేయాలని మేడం అడిగితే ఏదో ఒకటి వేసేయండి అన్నాం, ఎకో క్లబ్బులో వేశారు.

ఇంకో సంగతి. నిన్న పొద్దున్న నోటీసు బోర్డు మీద "తెలియదు 1,000" పక్కన ఎవరో పెన్సిల్‌తో "చెప్పులు" అని రాశారు. చూసి గొంతు పట్టేసింది, క్లాసుకి వెళ్లిపోయాను. మధ్యాహ్నం వచ్చి చూస్తే ఆ మాట కొట్టేసి ఇంకెవరో నీలం పెన్నుతో "అవి 180వి" అని రాశారు. ఆ 180 సంగతి నేను ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పలేదు. అంటే మా కాలేజీ వాళ్లెవరో ఇది చదువుతున్నారు. ఎవరైనా సరే, బుధవారం భోజనం గంటలో బీరువా దగ్గరికి రండి. అట్టలు వేయడానికి మనుషులు చాలట్లేదు. ఆ నీలం పెన్ను కూడా తెచ్చుకోండి.